పాడెసుడి, పల్లకీసుడి

మా అన్నయ్య మనవరాలు హారిక మొన్నొక శనివారం సాయంత్రం ఒంగోలులో మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "చిన్నతాతయ్యా, నాకు అర్జెంటుగా ఒక మంచి స్లీపర్ కావాలి" అంది. నేను పేపరు మడిచి పక్కన పెట్టి, "ఇప్పుడడిగితే ఎవరిస్తారే? స్లీపరైతే నెలల ముందే రిజర్వేషన్ చేయించుకోవాలి. అయినా ఇక్కణ్ణించి విజయవాడకి స్లీపరెందుకు? చీరాలలో సగం మంది దిగిపోతారు, దర్జాగా కూచునిపోవచ్చు" అన్నాను. హారిక గుమ్మంలోనే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి మా ఆవిడ కూడా నవ్వింది, విషయం ఏమిటో తెలియకుండానే. మా ఇంట్లో నా మీద నవ్వడానికి విషయం తెలియాల్సిన అవసరం ఎన్నడూ లేదు.

విషయం ఇది. హారిక తాడేపల్లిలో ఉంటుంది, కృష్ణ దాటి బెజవాడలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. అమెరికా కంపెనీ ఒకదాని లెక్కలు చూసే ఆఫీసు అది. ఆ కంపెనీ వాళ్ళకి ఏటా వేసవి ముందు ఒక సరదా ఉందట. అక్కడ బేస్‌బాల్ ఆడే అసలు ఆటగాళ్ళ పేర్లను వీళ్ళు వంతుల వారీగా కోరుకుని పంచుకుంటారు. ఒకరు కోరుకున్న పేరు మరొకరికి దక్కదు. ఆ తరవాత సీజన్ పొడుగునా ఆ ఆటగాళ్ళు మైదానంలో ఎలా ఆడితే, ఇక్కడ కుర్చీల్లో కూచున్న వీళ్ళకి అలా మార్కులు పడతాయి. అంటే ఎద్దులు ఒకరివి, బండ ఇంకొకరిది, మీసం మెలేసేది మాత్రం వీళ్ళన్నమాట. ఈ ఏడు బెజవాడ ఆఫీసుకీ ఒక జట్టు ఇచ్చారు. దాని బాధ్యత హారిక నెత్తిన పడింది. పేర్లు పంచుకునే కార్యక్రమం మర్నాడు తెల్లవారగానే. మనకి ఆదివారం తెల్లవారేటప్పుడు వాళ్ళకి శనివారం పొద్దుగూకుతుంది.

"పెద్ద పేర్లు అందరికీ తెలుసు తాతయ్యా, మొదట్లోనే ఎగిరిపోతాయి. గెలిపించేది చివర్లో ఏరుకునేవాళ్ళే. ఎవరూ పట్టించుకోకుండా మూలన పడున్న మంచి ఆటగాణ్ణి స్లీపర్ అంటారు. ఇన్నాళ్ళూ ఓ మోస్తరుగా ఆడి ఈ ఏడు ఒక్కసారిగా విజృంభించేవాణ్ణి బ్రేకౌట్ అంటారు. వాళ్ళని ముందే కనిపెట్టాలి."

"నన్నెందుకు అడుగుతున్నావు? ఆ ఆటలో బ్యాటు ఎటువైపు పట్టుకుంటారో కూడా నాకు తెలియదే."

"నువ్వు దేన్నీ నమ్మవు కదా, అందుకని. మా టీమ్ లీడర్ శ్రీకాంత్ అయితే ఈ పేర్లు పంచుకునే డ్రాఫ్టు వర్జ్యంలో పడిందని నిన్నంతా ఒకటే గోల. ఒక్కడైనా అనుమానంగా చూసేవాడు కావాలి నాకు."

ఊరూరా తిరిగి జాతకాల మీదా, వాస్తు మీదా, విభూతి రాల్చే చేతుల మీదా ఉపన్యాసాలిచ్చి, పూలదండలు కొన్నీ రాళ్ళు బోలెడూ అందుకున్నవాణ్ణి నేను. నా హేతువాదానికి మా వంశంలో దొరికిన మొదటి ఉద్యోగం ఇది. కాదనలేక కళ్ళజోడు పెట్టుకుని ఆ పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూచున్నాను. పేర్లు, పేర్ల పక్కన అంకెలు. కిందికి, ఇంకా కిందికి పోతే ఒక పేరు పక్కన చిన్న ఎర్ర గుర్తు కనిపించింది. "ఈ కుర్రాడెవరు, అంకెలు బాగానే ఉన్నాయి, ఇంత కిందున్నాడేం?" అన్నాను. బంతి విసిరేవాడట. మోచేతికి ఆపరేషన్ జరిగిందట. ఇప్పుడు బాగానే విసురుతున్నాడట. "కానీ ఎర్ర గుర్తు ఉంది కదా తాతయ్యా. అది చూడగానే అందరూ దాటేసి పోతారు. ఎవరూ ముట్టుకోరు" అంది హారిక.

ఆ మాటతో నా కళ్ళ ముందునుంచి ల్యాప్‌టాప్ పోయి ఒక ఎద్దు వీపు వచ్చి నిలబడింది.

మా మేనమామ రాఘవయ్య గారి ఊరు గుంటూరు జిల్లా చివర, ప్రకాశం వైపు చేలకి ఆనుకుని ఉండేది. నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. నేను కాలేజీ చదువు మామయ్య ఇంట్లో ఉండి చదివాను. ఆ ఇల్లు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది మనుషులు కాదు, వాసనలు. తెల్లవారకముందే పెద్ద కుండలో ఉలవలు ఉడికే వాసన. రాత్రంతా నానిన పత్తిగింజల్ని రోట్లో వేసి రుబ్బుతుంటే లేచే పచ్చి నూనె వాసన. వేసవి ముందు కళ్ళంలో మిరపకాయలు ఎండేటప్పుడు గాలి ఇటు తిరిగిందంటే ఇంటిల్లిపాదీ దగ్గేది, ఎడ్లు తప్ప. ఎడ్లకి ఘాటు తగలకుండా కొట్టానికి తడిపిన గోతాలు కట్టేవారు. మాకు కట్టేవారు కాదు. ఆ ఇంట్లో మనుషుల భోజనం ఎడ్ల భోజనం తరవాతే. మేనల్లుణ్ణి కదా అని నాకేమీ మినహాయింపు లేదు. ఒకనాడు ఆకలేస్తోందంటే మామయ్య, "ఉలవలు ఉడికినయ్, కాస్త పెట్టించుకో" అన్నాడు. వెటకారమనుకున్నాను. అత్తయ్య నిజంగానే గిన్నెలో పెట్టి తెచ్చింది.

మామయ్యకి బండలాగుడు ప్రాణం. తిరునాళ్ళలో ఎడ్ల జతకి పెద్ద రాతిబండ కట్టి లాగిస్తారు, ఇచ్చిన సమయంలో ఎక్కువ దూరం లాగిన జతకి గెలుపు. ఎద్దు వయసు పళ్ళని బట్టి చెబుతారు కాబట్టి పోటీలూ రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి అని వేరువేరుగా జరిగేవి. మామయ్య పొద్దున లేచి దేవుడి పటం చూసేవాడు కాదు, పెళ్ళాం ముఖం చూసేవాడు కాదు, కొట్టంలోకి పోయి పేడ చూసేవాడు. చూపుడువేలితో కదిపి, వాసన పట్టి, ఆ పూట దాణాలో ఏది పెంచాలో ఏది తగ్గించాలో నిర్ణయించేవాడు. ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ, అంతా అందులోనే ఉండేది. కాలేజీలో మా లెక్చరర్లలో అంత శాస్త్రీయ దృష్టి ఉన్నవాణ్ణి నేను చూడలేదు. అయితే ఆ శాస్త్రీయత కొట్టం గుమ్మం దాటేది కాదు. కొత్త ఎద్దును కొనాల్సివస్తే మాత్రం మామయ్య సుడుల కోటయ్య చెప్పినట్టే వినేవాడు. ఉన్న ఎద్దు దగ్గర శాస్త్రజ్ఞుడు, కొనే ఎద్దు దగ్గర భక్తుడు. తరవాత నా బతుకంతా ఇలాంటి మనుషుల్నే చూశాను. వాళ్ళలో కొందరు రాకెట్లు కూడా పంపుతారు.

కోటయ్య పశువుల సంతలో దళారి. పశువు ఒంటి మీద వెంట్రుకలు గుండ్రంగా తిరిగే చోటే సుడి. ఏ సుడి ఎక్కడుంటే ఏం జరుగుతుందో ఆయన పాఠంలా అప్పజెప్పేవాడు. నుదుటి నడుమ ఉంటే రాజయోగం, కంటి కింద ఉంటే ఇంట్లో ఏడుపు, ఇట్లా. నేనప్పటికే గ్రంథాలయం అరుగు మీద దేవుడున్నాడా లేడా అని సాయంత్రాలు గొంతు చించుకుంటూ ఉండేవాణ్ణి. ఊళ్ళో అందరూ నా పేరు మరిచిపోయి "హేతువు" అని పిలిచేవారు. "హేతువొచ్చాడు, కుర్చీ వెయ్యండి." "హేతువుకి మజ్జిగ పొయ్యండి." అలాంటి రోజుల్లో మామయ్య జతలో ఎడమ వైపు గిత్త కాలు విరిగి పందేనికి పనికిరాకుండా పోయింది. రెండోదానికి జోడు వెతకడానికి సంతకి బయల్దేరుతుంటే కోటయ్యతో పాటు నేనూ బండెక్కాను. ఒక మూఢనమ్మకాన్ని నడిసంతలో పడగొట్టాలని నా ఉద్దేశం.

సంతలో ఒక గిత్త ఒంటరిగా నిలబడి ఉంది. పాలలాంటి తెలుపు, వెడల్పాటి రొమ్ము, నాలుగు కాళ్ళ మీదా సమంగా బరువు. దాన్ని నడిపిస్తుంటే వెనక గిట్ట ముందు గిట్ట జాడ దాటి పడుతోంది. అది మంచి లక్షణమని నాకు చెప్పింది మామయ్యే. అయినా దాని చుట్టూ ఒక్క మనిషి లేడు. పక్కనున్న బక్క గిత్తల దగ్గర జనం తోసుకుంటున్నారు. నేను దాని దగ్గరికి పోతుంటే వెనకనుంచి కోటయ్య కేకేశాడు.

"రాఘవయ్యా, అటు పోమాక! దాని వీపు చూడు. పాడెసుడి. రెండు సుడులు ఎదురెదురు పడ్డయ్. కొన్నవాణ్ణి ఏడు తిరక్కుండా నలుగురి భుజాల మీద ఎక్కిస్తది."

"అమ్మేవాడు శుభ్రంగా నిలబడి చుట్ట కాలుస్తున్నాడుగా, కోటయ్య బాబాయ్?" అన్నాను.

"అందుకేరా అమ్ముకుంటంది. ఎక్కకముందే."

చుట్టూ నవ్వారు. నాకు పట్టుదల పెరిగింది. "పాడె మోసేవాళ్ళు నలుగురు. సుడులు రెండే. మిగతా ఇద్దరికీ సెలవా?" అన్నాను. ఈసారి నావైపు నవ్వారు. కోటయ్య తలపాగా సర్దుకుని, "ఏరా హేతువా, కాలేజీలో ఇయ్యా నీకు నేర్పేది?" అన్నాడు. నేను అక్కడే బండి మీదకెక్కి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. వెంట్రుక వెంట్రుకే అనీ, ఎద్దుకి మనిషి ఆయుష్షు తెలియదనీ, తెలిస్తే ముందు తన ఆయుష్షు చూసుకునేదనీ చెప్పాను. మామయ్య అంతా విన్నట్టు తల ఊపి, ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, కొనేశాడు. ఆ రోజు హేతువాదం గెలిచిందని ఇంటిదాకా ఛాతీ విరుచుకుని వచ్చాను. సుడి వల్ల అది సగానికి సగం చవగ్గా వచ్చిందనీ, మామయ్య నా ఉపన్యాసంలో ఒక్క ముక్క కూడా వినలేదనీ నాకు తరవాతెప్పుడో తెలిసింది.

మాణిక్యమ్మ అత్తయ్య గుమ్మంలో దిష్టినీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఎద్దు వీపు చూసింది. పళ్ళెం దించింది.

"ఏవయ్యా, నీకు బతుకు మీద విసుగు పుడితే నాకో మాట చెప్పకూడదా? పోయి ఎద్దును కొనుక్కొచ్చుకోవాలా?"

మామయ్య నా వైపు చూపించి కొట్టంలోకి జారుకున్నాడు. అత్తయ్య నా మీదికి తిరిగింది. "ఏరా, ఆయనకేమన్నా అయితే నీ హేతువొచ్చి నా నుదుట బొట్టు పెడుతుందా?"

"అత్తయ్యా, సుడంటే ఏముంది, వెంట్రుకలు మొలిచే తీరు. నా నెత్తిన రెండు సుడులున్నాయి. రెండు పెళ్ళిళ్ళవుతాయన్నారు."

"నీ నోటికి ఒక్కటి కావటమే గగనం, పోరా" అంది. నవ్వుతూ అనలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి. నాకు ఆ నీళ్ళు అజ్ఞానంలా కనపడ్డాయి. ఆ వయసులో నాకు చాలా విషయాలు అజ్ఞానంలా కనపడేవి.

మర్నాటి నుంచి అత్తయ్య ఆ ఎద్దుతో యుద్ధం మొదలుపెట్టింది. ఆమె లెక్కలో అది ఎద్దు కాదు, భర్తని తీసుకుపోవడానికి వచ్చి కొట్టంలో బస చేసిన యముడి మనిషి. వచ్చినవాడు ఎలాగూ పోడు కాబట్టి కదలకుండా కూచోబెట్టాలి. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, పత్తిగింజలు రుబ్బి, ఉలవలు ఉడికించి, దానికి తన చేత్తో పెట్టేది. దాని కడుపు నిండితేగాని మామయ్యకి చద్దన్నం పెట్టేది కాదు. "ముందు దాని ఆకలి తీరితే మీ మామ జోలికి రాదురా" అనేది. తరవాత గోరువెచ్చటి ఆముదం అరచేతిలో పోసుకుని, ఆ రెండు సుడుల మీదా వెంట్రుకలకి ఎదురు దిశలో రుద్దేది. రుద్ది రుద్ది వాటిని చదును చేస్తే పాడె విరిగిపోతుందని ఆమె ఆశ. వీపుతో మొదలై ఆ రుద్దుడు మూపురానికీ, మెడకీ, తొడలకీ పాకింది. సాయంత్రం కాలవకి తనే తోలుకుపోయి కడిగేది. కాడి ఆనే చోట మెడ కందితే పసుపూ నూనే పట్టించేది. ఇంట్లో ఇద్దరు జీతగాళ్ళున్నా ఆ ఎద్దును ముట్టుకోనిచ్చేది కాదు. మామయ్యని అసలే ముట్టుకోనిచ్చేది కాదు. కొన్నాయన ఎద్దును గడప లోపల నిలబడి చూసుకోవాల్సి వచ్చింది.

రుద్దుతూ దానితో మాట్లాడేది. "చూడు నాయనా, నీకు నేనేం తక్కువ చేశాను? నాకు తక్కువ చెయ్యమాక. పుట్టినింట్లో తల్లి కూడా నిన్నిట్టా చూసుండదు. నిజం చెప్పు, చూసిందా?" ఎద్దు తోకతో ఈగలు తోలుకునేది. నేను కొట్టం గోడకి ఆనుకుని పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ, "అత్తయ్యా, నూనె రాస్తే తలరాత మారుతుందా?" అనేవాణ్ణి. "తలరాత కాదులేరా, వీపురాత. అది మన చేతికందుతుంది" అనేది చెయ్యి ఆపకుండా. ఈ మాట మీద నేనొక వ్యాసం రాసి, స్త్రీలలో మూఢవిశ్వాసాల మూలాలు అని పేరు పెట్టి, ఒక పత్రికకి పంపాను. వేశారు కూడా.

మొదటి తిరునాళ్ళు వచ్చాయి. ఊరంతా వచ్చింది, సుడి చూడ్డానికి. కోటయ్య మైకు దగ్గరే మకాం పెట్టాడు. బండ కట్టారు, తోలేవాడు కేక పెట్టాడు. మా పాత గిత్త ముందుకు దూకింది. పాడెసుడి గిత్త నాలుగడుగులు వేసి, ఆగి, అటూ ఇటూ జనాన్ని చూసి, తీరిగ్గా మోకాళ్ళు మడిచి నేల మీద పడుకుంది. ఎంత అదిలించినా లేవలేదు. కళ్ళు కూడా మూసుకుంది. హారిక స్లీపర్ అన్న మాటకి నా ఇంగ్లీషు నిఘంటువులో ఇంతకంటే సరైన బొమ్మ లేదు. మైకులో కోటయ్య గొంతు వినపడింది: "పాడె సిద్ధంగా ఉంది, ఎక్కేవాళ్ళు రావచ్చు!" జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

అంతటితో పోయేది. కానీ ఆ ఎండకీ ఆ అవమానానికీ మామయ్యకి జ్వరం తగిలింది. మామూలు జ్వరం. అయినా ఊళ్ళోవాళ్ళు పరామర్శకొచ్చి మంచం వైపు కాక కొట్టం వైపు చూసి, తల ఊపి పోయేవారు. అత్తయ్య రెండు చోట్లా చాకిరీ చేసింది, మంచం దగ్గర తడిగుడ్డ, కొట్టంలో ఆముదం. మూడో పొద్దుకి కోటయ్య ఒక ఆసామిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది దూరపు ఊరు, సుడుల సంగతి తెలియదు. ఎద్దును చూసి ముచ్చటపడ్డాడు. "ఇచ్చెయ్యమ్మా, పీడ పోద్ది" అన్నాడు కోటయ్య చెవిలో చెప్పినట్టు. మామయ్య మంచం మీంచి "అంతా నీ ఇష్టమే" అన్నాడు. నేను వాదించడానికి గొంతు సవరించుకున్నాను. అమ్మితే మూఢత్వానికి లొంగినట్టే అని చెప్పాలని.

నాకు అవకాశం రాలేదు. అత్తయ్య ఆ ఆసామిని అడిగింది: "మీకు పెళ్ళయిందా బాబూ?"

"అయిందమ్మా. ఇద్దరు పిల్లలు."

"అయితే ఇయ్యను" అంది. కోటయ్య నోరు తెరిచాడు. అత్తయ్య ఆయన వైపు తిరిగి, "ఏం మనిషివి కోటయ్యా నువ్వు! నా పీడ వదిలించుకోటానికి ముక్కూ మొహం తెలీని ఆడదాని మీదికి తోలమంటావా? నా ఇంటికొచ్చింది, నేనే పడతాను" అని కొట్టంలోకి పోయింది.

నా వాదన, ఆమె వాదన ఒకే తీర్పు దగ్గరికి వచ్చాయి. కానీ నా దారిలో ఒక సిద్ధాంతం ఉంది, ఆమె దారిలో ఇంకో ఆడమనిషి ఉంది. ఆమె నమ్మింది పచ్చి అబద్ధం. ఆ మాట ఇవాళ కూడా నేను వెనక్కి తీసుకోను. ఆ అబద్ధాన్ని నమ్ముతూ ఆమె చూపినంత నీతి, నిజాలు నమ్ముతూ చూపినవాళ్ళని మాత్రం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

జ్వరం తగ్గింది. కాలం గడిచింది. గిత్తకి ఆరు పళ్ళు వచ్చాయి. ఎద్దు ఒళ్ళు తిరిగే వయసు అది. హారిక చెప్పే బ్రేకౌట్ సరిగ్గా అదే. మరుసటి తిరునాళ్ళకి అదే బండ, అదే మైకు, అదే కోటయ్య. నేను ముందుజాగ్రత్తగా ఉపన్యాసం రాసుకుపోలేదు. తోలేవాడు కేక పెట్టాడు. ఈసారి పాత గిత్త ఆగిపోతుందేమో అనిపించింది గానీ మా పాడెసుడి ఆగలేదు. మెడ వంచి, పొట్ట నేలకి ఆనేంతగా కుంగి, బండనీ, పాత గిత్తనీ, తోలేవాణ్ణీ కలిపి లాక్కుపోయింది. ఎండలో దాని వీపు అద్దంలా మెరిసింది. ఎన్నో నెలల ఆముదం కదా. రెండో జత దగ్గరికి కూడా రాలేకపోయింది.

జనం మామయ్యని భుజాల మీదికి ఎత్తుకున్నారు. నలుగురు. నేను కోటయ్య దగ్గరికి పోయి, "బాబాయ్, నీ జోస్యం ఫలించింది. నలుగురి భుజాల మీద ఎక్కించింది" అన్నాను. కోటయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. తరవాత మైకు అందుకుని, అందరికీ వినపడేలా, "నేను ఆనాడే చెప్పాను! నలుగురు మోస్తారని చెప్పానా లేదా? అది పాడెసుడి కాదయ్యా, పల్లకీసుడి! మోసేది ఎవరైనా నలుగురేగా. సంతలో ఎండ కళ్ళల్లో పడి ఆ తేడా కాస్త దొరకలేదంతే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు కాదు, ఆయనకి.

ఆ ఏడు సంతలో పల్లకీసుడి ఉన్న గిత్తలకి గిరాకీ లేచింది. వీపు మీద రెండు సుడులుంటే చాలు, కాళ్ళు దొడ్డివైనా, రొమ్ము ఇరుకైనా ఎగబడి కొన్నారు. అవి లేని మంచి గిత్తలు మూలన నిలబడ్డాయి. ఒక మూఢనమ్మకాన్ని పడగొడతానని బండెక్కి అరిచినవాణ్ణి, దాన్ని బోర్లా తిప్పి పెట్టానంతే. పైగా నా పేరు మీద ఇంకోటి మొదలైంది. ఎద్దుని ఎంచింది నేనే కాబట్టి "హేతువుది మంచి హస్తవాసి" అన్నారు. సంతకి పోయేవాళ్ళు దూడ వీపు మీద నా చేత చెయ్యి వేయించుకునేవారు. దేవుడు లేడని నేను చెబుతుంటే శ్రద్ధగా తల ఊపి, అయ్యాక దూడని ముందుకు తోసేవారు.

ఆ రోజు తిరునాళ్ళలో ఒక ఫోటో తీశారు. ఇప్పటికీ మా హాల్లో ఉంది. కప్పుతో మామయ్య, రెండు ఎడ్లు, చేతులు కట్టుకుని నేను, ఎవరూ పిలవకపోయినా కోటయ్య. అత్తయ్య లేదు. రమ్మంటే, "చెమట పట్టి ఉంది, చలిగాలి తగలక ముందే కడగాలి. మీ ఫోటో తొందరగా కానియ్యండి" అని నీళ్ళు కాచడానికి పోయింది. ఇంటికొచ్చాక నేను కొట్టం దగ్గర ఆమెని పట్టుకున్నాను. ఊరు నా నుంచి లాక్కున్న గెలుపుని కనీసం ఆమె దగ్గరైనా వసూలు చేసుకోవాలని.

"చూశావా అత్తయ్యా? ఏడు తిరిగింది. మామయ్య గుండ్రాయిలా ఉన్నాడు. సుడి ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు."

అత్తయ్య ఎద్దు తొడ రుద్దుతూ, నా వైపు చూడనైనా చూడకుండా అంది: "నేను చెయ్యనిస్తేగా!"

ఆ తరవాత నేను ఎన్నో సభల్లో ఎందరో పండితులతో వాదించాను. సంస్కృతంలో తిట్టినవాళ్ళున్నారు, కోర్టుకి ఈడుస్తామన్నవాళ్ళున్నారు. అందరికీ జవాబు చెప్పాను. ఈ మాటకి చెప్పలేకపోయాను. చెప్పాలంటే మొదట నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. నా ప్రయోగం అసలు ప్రయోగమే కాదు. సుడి ఉన్న ఎద్దూ సుడి లేని ఎద్దూ సమానమని నిరూపించాలంటే రెంటినీ సమానంగా చూడాలి. దీనికేమో, సుడి ఉన్నందుకు, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఎద్దుకీ జరగనంత సేవ జరిగింది. అది గెలిచింది సుడి వల్ల కాదు, నా చెయ్యి వల్ల కాదు, కోటయ్య పల్లకీ వల్ల అంతకన్నా కాదు. భయపడిన ఒక మనిషి రెండు చేతుల వల్ల. మామయ్య నిండు వయసు దాకా బతికాడు. అత్తయ్య ఆయనకంటే ముందు పోయింది. "పసుపు కుంకాలతో పోయింది, పల్లకీసుడి మహిమ" అన్నారు ఊళ్ళో. నేను పాడె పట్టిన నలుగురిలో ఒకణ్ణి. ఆ పూట ఎవరితోనూ వాదించలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో కూడా బండలాగుడు ఉంది. ఎడ్లకి కూలర్లు, తూకం యంత్రాలు, పోటీలకి యూట్యూబులో లైవు. ఎద్దులు ఏసీ ఉన్న లారీల్లో వస్తాయంటే మొదట నమ్మలేదు. యజమానులు చదువుకున్నవాళ్ళు, దాణాలో ఏ పోషకం ఎంతుందో ఇంగ్లీషులో చెబుతారు, చెబుతూ గిత్త మెడలో కట్టిన తాయెత్తు సర్దుతారు. మామయ్య పేడలో చూసింది వీళ్ళు ప్రయోగశాలకి పంపించి తెలుసుకుంటున్నారు. మంచిదే. కోటయ్య మైకులో చెప్పింది ఇప్పుడు ఫోన్లో యాప్ చెబుతుంది. అది మాత్రం అంత మంచిదో కాదో నాకింకా తేలలేదు. కోటయ్యతో కనీసం ముఖాముఖి పోట్లాడేవాణ్ణి.

ఆదివారం పొద్దున హారిక కార్యక్రమం మా హాల్లోనే జరిగింది. మా ఆవిడ పెసరట్లు పోసింది. వంతులు తిరుగుతున్నాయి, పెద్ద పేర్లు ఎగిరిపోతున్నాయి. చివరికి వచ్చేసరికి ఎర్ర గుర్తు కుర్రాడు ఇంకా మూలనే ఉన్నాడు. "ఏమంటావు తాతయ్యా?" అంది హారిక. ఫోన్లో శ్రీకాంత్ గొంతు, "వద్దు వద్దు, వాడు డేంజరు, పైగా ఇంకా వర్జ్యం పోలేదు" అంటోంది. "గుర్తు ఎప్పుడు పెట్టారు? చెయ్యి ఇప్పుడెలా ఉంది? రెంటికీ తేడా ఉంటే తీసుకో" అన్నాను. తీసుకుంది.

వేసవి ముదిరి మిరప కళ్ళాలన్నీ ఖాళీ అయిన రోజుల్లో తాడేపల్లి నుంచి ఫోనొచ్చింది. ఆ కుర్రాడు అదరగొడుతున్నాడట. జట్టు పైకి పాకిందట. "మా ఆఫీసంతా మీ తాతగారిది ఏం హస్తవాసి అంటున్నారు. వచ్చే ఏడు మొదటి పేరు నీ చేతే నొక్కిస్తాడంట శ్రీకాంత్, ముహూర్తం చూసి. ఇంకో తమాషా తాతయ్యా, అమెరికా వాళ్ళందరూ ఇప్పుడు ఎర్ర గుర్తున్న వాళ్ళ కోసమే వెతుకుతున్నారు!" అంది. నేను గోడ మీది ఫోటోలో కోటయ్య వైపు చూశాను. ఆయన తృప్తిగానే ఉన్నాడు.

"చూశావా తాతయ్యా," అంది హారిక, అచ్చం ఆనాడు నేను ఛాతీ విరుచుకున్నట్టే గొంతు విరుచుకుని. "ఎర్ర గుర్తు ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు."

"చెయ్యనిస్తేగా" అన్నాను.

"ఎవరు?"

"అదే నాకూ తెలియాలి. ఆపరేషనైన చెయ్యి ఊరికే అలా విసరదు. రోజూ పొద్దున్నే దాన్ని పట్టుకుని రుద్దేవాళ్ళు ఎవరో ఉంటారు. నీ పట్టికలో అన్ని అంకెలున్నాయి కదా, వాళ్ళ పేరు ఎక్కడైనా ఉందేమో చూడు."

పాపం, ఫోను పెట్టెయ్యకుండానే వెతికింది. కీబోర్డు చప్పుడు చాలాసేపు వినపడింది.

"లేదు తాతయ్యా" అంది.